ఆఫ్రికా రగ్బీకి నేను చేసిన అన్యాయం

ఆ రోజుల్లో మా యూనివర్సిటీలో చదువు తప్ప అన్నీ జరిగేవి. తెలంగాణ ఉద్యమం ఊపులో ఉంది. పొద్దున ర్యాలీ, మధ్యాహ్నం బాష్పవాయువు, సాయంత్రం కళ్ళు కడుక్కుని మళ్ళీ మీటింగు. పరీక్షలు ఎప్పుడో, ఉద్యోగం వస్తుందో రాదో తెలియని దిగులులో నేను తెలుగు ఎం.ఏ. చదువుతున్నాను. (ఆ చదువుకు ఉద్యోగం ఏ ఉద్యమమూ ఇప్పించలేదని తర్వాత తెలిసింది.) అప్పుడే తార్నాకలో జనరల్ నాలెడ్జి పుస్తకాలు అచ్చువేసే ఒక పెద్దాయన నా చేతిలో ఇంగ్లీషు వ్యాసం పెట్టాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, అందరికీ ప్రెస్సు బాబాయి. “ఆఫ్రికాలో రగ్బీ ఎలా పెరిగిందో ఇందులో ఉందట. వారంలో తెలుగు చేసి పెట్టవయ్యా, నీ పేరు కూడా వేస్తాను” అన్నాడు. అచ్చులో నా పేరు! ఎగిరి గంతేశాను.

రగ్బీ బంతి కోడిగుడ్డులా ఉంటుందని తప్ప నాకేమీ తెలియదు. నిఘంటువే దిక్కు. తెల్లవాళ్ళు ఆటను ఖండం దక్షిణపు కొసకు తెచ్చారు, సైనికులూ మిషనరీ బడులూ దాన్ని పైపైకి మోసుకెళ్ళాయి. అంతవరకు బాగానే నడిచింది. ‘ట్రై’ని ‘ప్రయత్నం’ అన్నాను. ప్రతి ట్రై తర్వాత ‘కన్వర్షన్’ అని ఉంది. మిషనరీ బడులు కదా, అనుమానమే రాలేదు. “ప్రతి ప్రయత్నం తర్వాత ఒక మతమార్పిడి జరిగేది. ఎదురుగాలిలో మతమార్పిడి కష్టమయ్యేది” అని రాసి, అందులోని కవిత్వానికి నేనే మురిసిపోయాను.

రాసిచ్చిన నాలుగో రోజు క్యాంటీన్‌లో, మా క్యాంపస్‌లోనే చదివే కెన్యా మిత్రుడికి ఈ సంగతి నా వచ్చీరాని ఇంగ్లీషులో గొప్పగా చెప్పాను. అతను పగలబడి నవ్వాడు. నా తువ్వాలు ఉండచుట్టి నేలమీద పెట్టి, రెండు గుంజల మధ్యలోంచి తన్నాడు. “ట్రై అంటే పాయింట్లు. అది వచ్చాక బంతిని ఇలా తన్నడమే కన్వర్షన్!” తర్వాత నవ్వు ఆపి అడిగాడు. “మా తాత తెల్లవాళ్ళ రగ్బీ మైదానంలో గడ్డి కోసేవాడు. నల్లవాళ్ళను ఆడనిచ్చేవారు కాదు. ఆ సంగతి రాశావా?”

వ్యాసంలో ఉంది. పేరా పొడుగైందని నేనే కొట్టేశాను. పొద్దున హక్కుల కోసం గొంతు చించుకున్నది కూడా నేనే.

తార్నాకకు పరిగెత్తాను. క్యాంపస్ గేటు దగ్గర పోలీసాయన పట్టుకున్నాడు. “ఏడికి ఉరుకుతున్నవ్?”

“సార్, ఆఫ్రికా చరిత్రల తప్పు పడ్డది. తార్నాక పోవాలె.”

“తెలంగాణ సాలదని గిప్పుడు ఆఫ్రికా మొదలువెట్టిన్రా? ఎక్కు బండి!”

సాయంత్రం దాకా స్టేషన్‌లో కూర్చోబెట్టారు. మర్నాడు వెళ్ళేసరికి పుస్తకాలు బైండింగ్ కూడా అయిపోయి గుట్టలుగా ఉన్నాయి. నా పేరు లావు అక్షరాల్లో మెరుస్తోంది.

“బాబాయ్, మొత్తం తప్పులే. ఆపుండ్రి.”

“పరీక్షలే లేవు, ఎవరు చదువుతారయ్యా?” అన్నాడాయన, విసుక్కోకుండానే. అదే ఎక్కువ బాధించింది.

కొట్టేసిన పేరా, సరిదిద్దిన వాక్యాలు కాగితం మీద రాసి, జిరాక్సులు తీయించి, ఒక్కో పుస్తకంలో అంటించడం మొదలుపెట్టాను. పక్కన కెన్యా మిత్రుడు, తెలుగు ముక్క రాకపోయినా, జిగురు రాసి అందించాడు. రెండు రోజులు పట్టింది. ఆ పుస్తకాలు చాలాకాలం అక్కడే పడి ఉండి, చివరికి పాత కాగితాలకింద పోయాయట.

వేళ్ళకు జిగురంటుకుని, చీటీ వంకరపోతే పీకి మళ్ళీ అంటించిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఎవరో ఒకరు తప్పకుండా చదువుతారన్న అంత నమ్మకం నాకు మళ్ళీ ఎన్నడూ కలగలేదు.