దోమతెర కట్టిన కరివేపాకు చెట్టు

పచ్చగా ఉన్న కరివేపాకు చెట్టును, ఎవరి మీదా కోపం లేకుండా, ఎంతో ప్రేమగా ఎలా నాశనం చేయవచ్చో తెలుసుకోవాలంటే నన్నడగండి. నేను బొమ్మలు గీస్తూ ఆ పని చేశాను.

అప్పట్లో గల్ఫ్‌లో, అజ్మాన్‌లో ఉండేవాణ్ణి. ఊరి శివార్లలో ఒకాయన తన తోటను చిన్న చిన్న మడులుగా విడగొట్టి అద్దెకిచ్చేవాడు. సెలవు రోజు తెల్లవారగానే అక్కడ వాలిపోయేవాణ్ణి. నాకు రెండు పిచ్చులు: కూరగాయలు పెంచడం, కనిపించిన ఆకునూ ఈకనూ బొమ్మగా గీయడం. ఒక చేతిలో నీళ్ల పైపు, ఇంకో చేతిలో పెన్సిలు. టమాటాలకు పోయాల్సిన నీళ్లు చాలాసార్లు నా చెప్పులకే పోసేవాణ్ణి.

పక్క మడి నూర్జహాన్ అక్కది. నెల్లూరావిడ. ఎండాకాలమంతా తడి గోనెపట్టాలు కప్పి మరీ ఆ కరివేపాకు చెట్టును నడుమెత్తు పెంచింది. ఆ ఆకు వేసి వండిన చేపల పులుసు సెలవు రోజున నాకో డబ్బా తెచ్చేది. వారమంతా నేను వండుకునే పప్పును భరించానంటే ఆ డబ్బా మీద ఆశతోనే.

తమ్ముడి పెళ్లికి నెల రోజుల సెలవు మీద ఊరెళుతూ అక్క చెట్టును నాకప్పజెప్పింది.

"జాగ్రత్త తమ్ముడా. ఇది పోయిందంటే పులుసు కూడా పోయినట్టే."

"ఫికర్ జెయ్యకక్కా. పాణం లెక్క సూస్కుంట."

చూసుకున్నాను. కాకపోతే, చెట్టును కాదు.

మరుసటి వారం ఆకుల మీద పిట్టరెట్టల్లాంటివి కనిపించాయి. పుల్లతో పొడిస్తే కదిలాయి. గొంగళిపురుగులు! కొన్నాళ్లకు లేతపచ్చగా, బొద్దుగా తయారయ్యాయి. నాలోని తోటమాలి తీసి పారెయ్యమన్నాడు. నాలోని చిత్రకారుడు ఒప్పుకోలేదు. ఇంతకంటే మంచి మోడల్ ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? పొడిస్తే తప్ప కదలవు, డబ్బులడగవు, తిండి వాటిదే. అంటే, అక్కది.

పిట్టలు వాటిని ఎత్తుకుపోతాయని భయమేసి చెట్టుకు దోమతెర కట్టాను. దూరం నుంచి ఫోటో తీసి అక్కకు పంపాను. వెంటనే ఫోన్ చేసింది.

"తెర కూడా కట్టినావా తమ్ముడా! నా సొంత తమ్ముడు కూడా ఇంత చెయ్యడు!"

"మనదే గదక్కా," అన్నాను, పురుగు వీపు మీద నీడ దిద్దుతూ.

వచ్చినప్పుడల్లా దిద్దగా దిద్దగా బొమ్మ అద్భుతంగా వచ్చింది. కింద పెద్దగా సంతకం చేసి తలెత్తి చూస్తే చెట్టు లేదు. పుల్లలున్నాయి.

మర్నాడే అక్క వస్తోంది! సూపర్ మార్కెట్‌కి పరుగెత్తి కరివేపాకు కట్టలు కొన్నాను. పుల్లలకు వేలాడుతున్న పురుగుల గూళ్లు కదలకుండా, ఒక్కో రెబ్బనూ దారంతో కట్టాను. దూరం నుంచి చూస్తే బాగానే ఉంది.

అక్క దూరం నుంచి చూడలేదు. నేరుగా వచ్చి తెర తీసింది. రెండు సీతాకోకచిలుకలు నాకో మాటైనా చెప్పకుండా ఎగిరిపోయాయి. "మాషా అల్లా!" అంటూ అక్క ఒక రెబ్బ నిమిరింది. రెబ్బ చేతిలోకొచ్చింది, దారంతో సహా.

"ఏందిది తమ్ముడా?"

"పురుగులక్కా..."

"పురుగులు దారం కట్టినాయా?"

నా బొమ్మ చేతికిచ్చాను. అక్క బొమ్మను చూసింది, నన్ను చూసింది. గోటితో కొమ్మను గీకింది. లోపల పచ్చగా ఉంది.

"బతికే ఉందిలే," అంది.

అంత హాయైన మాట నేను మళ్లీ వినలేదు. కొన్ని వారాలకు చెట్టు మునుపటికంటే గుబురుగా చిగురించింది. పులుసు డబ్బా మళ్లీ వచ్చింది. మొదటి ముద్దకే కళ్లలో నీళ్లు తిరిగాయి. కారం వల్ల కాదు.

నా బొమ్మను అక్క ప్లాస్టిక్ కవరులో పెట్టి కంచెకు వేలాడదీసింది. పైన "కనిపిస్తే వదలొద్దు" అని రాసింది. కింద నా సంతకం అలాగే ఉంది. కొత్తగా మడి తీసుకున్న ఒకాయన అది చదివి, "గంగాధర్ అంటే ఈ పురుగు పేరా అమ్మా?" అనడిగాడు.

"ఇద్దర్నీ చెట్టు దగ్గరికి రానీబాకండి," అంది అక్క.

కాబట్టి పులుసు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట నోరున్న దేని బొమ్మా గీయను. ఇప్పుడు గులకరాళ్లే గీస్తున్నాను. గీసే ముందు ఎందుకైనా మంచిదని ఒకసారి పుల్లతో పొడిచి చూస్తాను.