ఓడ ఊగతంది, నిలబడండి

మన డ్రిల్లు మాస్టారు పోయిన వారం కన్నుమూశారు. ఆయన దగ్గర తెల్లవారుజామున కసరత్తు నేర్చుకున్న మీ అందరికీ ఈపాటికి కబురు అందే ఉంటుంది. మనసు కాస్త నెమ్మదించాక రాస్తే బాగుండేది. కానీ కాలనీ సంఘం వాళ్లు గ్రౌండు గేటు దగ్గర ఆయన పేరు మీద ఒక రాయి పెట్టిస్తున్నారు. దాని మీద చెక్కబోయే మాటల్లో ఒకటి నిజం కాదు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ఆయన్ని మొదట చూసింది నా టెన్త్ అయిన వేసవిలో. మా ఇంట్లో బడి గడప తొక్కింది నేనొక్కదాన్నే. ఆడపిల్ల చీకటితో లేచి గ్రౌండుకి వెళ్లి గెంతడమేమిటని నాన్న ససేమిరా అన్నాడు. నాన్న చేపల రేవులో ఐసు మోసేవాడు. నేర్పేది నేవీలో చేసి వచ్చిన మాస్టారని తెలిశాక మెత్తబడ్డాడు. “నేవీ మనిసంటే పద్దతుంటాది. ఎల్లు,” అన్నాడు. ఆ ఒక్క మాట మీదే నేను గుమ్మం దాటాను.

మాస్టారు ఎప్పుడూ తెల్ల నిక్కరు, తెల్ల బనీను వేసుకునేవారు. ఆ నిక్కరు మడత తాకితే వేలు తెగుతుందేమో అనిపించేది. రోజూ చేయించే కసరత్తుని ‘డైలీ డజన్’ అనేవారు. పన్నెండు రకాలు, ఎప్పుడూ అదే వరస. అది తాతల నాటి ఇంగ్లిషని, ఇప్పుడెవరూ అలా అనరని కాలేజీలో మా మేడమ్ నవ్వింది. మనం మాత్రం అంటూనే ఉన్నాం. పోర్టు వైపు నుంచి బొగ్గు నుసి వచ్చి బనీను మీద పడితే దులుపుకునేవారు. వానొస్తే పాల బూత్ చూరు కింద చేయించేవారు.

చేతులు సగమే లేపి దించేసే పిల్లని పక్కకి పిలిచేవారు. తిట్టేవారు కాదు. “నన్ను మోసం సెయ్యొచ్చునమ్మా. ఒంటికి అబద్దం సెప్పలేవు,” అనేవారు. ఈ మాట మీలో ఎంతమందికి గుర్తుందో. నాకు పరీక్ష హాల్లో కూడా అదే వినిపించేది.

పన్నెండోది ఒంటికాలి మీద నిలబడటం. మనల్ని కళ్లు మూసుకోమని, మన మధ్య నడుస్తూ ఓడ డెక్కు మీది సంగతులు చెప్పేవారు. నడిసంద్రంలో తుపాను, పక్కవాడు జారిపోవడం, తాను మాత్రం కదలకపోవడం. “ఓడ ఊగతంది, నిలబడండి,” అనేవారు. నిజంగానే కాళ్ల కింద నేల ఊగేది. ఇప్పుడు నేనొక బడిలో పీఈటీని. అక్కడి పిల్లలకి మొదటి రోజే చెప్పాను, నాకు నేర్పినాయన నేవీ మనిషని.

సమాధుల తోటలో మాస్టారి పెట్టె దించబోతుంటే ఆపింది నేనే. నేవీ వాళ్లు వస్తారు, జెండా కప్పుతారు, కాసేపు ఉండమన్నాను. పాస్టరు గారు ఆగారు. నాన్న గేటు దాకా వెళ్లి రోడ్డు చూసి వచ్చాడు. ఎండ పెట్టె మీదికి వచ్చి పూలు వడిలిపోతున్నాయి. అప్పుడు మాస్టారి భార్య నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నారు.

“ఎవల కోసమమ్మా సూత్తన్నావు? ఎవలూ రారు. మీ మాస్టారు నేవీలో బట్టలు ఇస్త్రీ సేసీవోరు, కాంట్రాక్టరు కింద. కిటికీలోంచి ఆల డ్రిల్లు సూసి నేర్సుకున్నారు. ఓడెప్పుడూ ఎక్కనేదు.”

పెట్టె దించారు. అందరితో పాటు నేనూ పిడికెడు మన్ను వేశాను.

ఇంటికి వస్తూ నాన్న, “ఇస్త్రీ మనిసని సెప్పుంటే నిన్ను పంపుదునేటి?” అన్నాడు. పంపడు, నాకు తెలుసు. ఆ అబద్ధమే నన్ను ఇంట్లోంచి బయటికి తెచ్చింది. ఆయన రుణం తీరేది కాదు. అయినా కోపం తగ్గడం లేదు. మనం నేవీ మాస్టారని పిలిస్తే కాదనలేకపోయారంటే అర్థం చేసుకుంటాను. కాదనకపోవడం వేరు, ఓడ ఊగుతోందని చెప్పడం వేరు. మన నాన్నల సంగతి సరే, మనతో ఒక్క ఉదయమైనా నిజం చెప్పి ఉంటే మనం గ్రౌండు వదిలి పోయేవాళ్లమా? పోతామనే అనుకున్నారు కాబోలు. నన్ను ఎక్కువ కోస్తున్నది అదే.

రాతి మీద ‘నేవీ శిక్షకులు’ అని ఉంటుందట. అది తీసేయమంటే సంఘం పెద్దాయన, పోయినాయన పరువెందుకు తీస్తావన్నారు. మాస్టారి భార్యని అడిగితే, “మీతోనే కదమ్మా అలా సెప్పుకున్నారు, మీరే తేల్సుకోండి,” అన్నారు.

నిన్న బడిలో డైలీ డజన్ చేయించాను. చివరికి వచ్చేసరికి పిల్లలు ఒంటికాలి మీద కళ్లు మూసుకుని నిలబడ్డారు. నేను వాళ్ల మధ్య నడుస్తున్నాను. ముందు వరసలో ఒక పాప కళ్లు తెరవకుండానే, “టీచర్, ఓడ ఊగతందని సెప్పలేదు,” అంది. ఎవరూ కాలు దించలేదు. నా మాట కోసం అలాగే నిలబడ్డారు.

రాయి ఇంకా చెక్కలేదు. ఆ మాట ఉండాలో, పోవాలో, దాని చోట ఏం ఉండాలో, దయచేసి ఈ నెల ఇరవై ఐదో తేదీలోగా నాకు రాయండి.