జిగురు ఆరే లోపు

యూనివర్సిటీ వెనక గేటుకి ఎదురుగా కొట్టు పెట్టుకున్న బైండింగు మాస్టారు ముప్ఫయ్యేళ్లుగా తత్వశాస్త్రం చదువుతున్నారు. కాకపోతే అరగంట చొప్పున. ఒక థీసిస్ వెన్నుకి పూసిన జిగురు ఆరే లోపు, వరసలో ఉన్న మరో థీసిస్‌లో నాలుగు కాగితాలు తిరగేస్తారు. ఈలోగా దాని వంతు వచ్చేస్తుంది, కుట్టేస్తారు. అందుకే యూరప్ తత్వవేత్తల ప్రశ్నలన్నీ ఆయనకి తెలుసు. జవాబు ఒక్కటీ తెలీదు.

ఆ సగం చదువుతోనే కొట్టు వెనకున్న ఇంట్లో నెగ్గుకొచ్చేవారు. కుళాయి బాగుచేయించమని భార్య అంటే, "బాగు అంటే ఏమిటో ఎవరు నిర్ణయించారే? అందులో వాళ్లకేం లాభం?" అనేవారు.

"నీళ్లు నా కాళ్ల మీద పడుతున్నాయి, నేనే నిర్ణయించాను," అనేదామె.

వీధి సంఘం ఎన్నికల రోజున, ఓటు వెయ్యకపోవడం కూడా ఒక నిర్ణయమేనని బూత్ మెట్ల మీద నిలబడి గంటసేపు వివరించారు. ఆయన దిగొచ్చేసరికి పోలింగ్ ముగిసింది.

ఈమధ్య ఒక అమ్మాయి థీసిస్ మాత్రం ఆయన్ని పట్టుకుని వదల్లేదు. ఎదుటి మనిషి మొహం, ఏ నియమమూ నోరు తెరవకముందే మనల్ని ఏదో అడుగుతుందిట. నీతి అక్కడే మొదలవుతుందిట. బాగానే ఉంది. మరి లక్ష మొహాలున్న ఊళ్లో చట్టం ఎవరి మొహం చూడాలి? సరిగ్గా అక్కడే జిగురు ఆరింది. పైనున్న కాపీలోంచి చివరి అధ్యాయం, పదకొండు కాగితాలు, భోజనం తర్వాత చూద్దామని తీసి సొరుగులో పెట్టారు. భోంచేశారు. కునుకు తీశారు. లేచి మూడు కాపీలకీ అట్టలు వేసి, బంగారు అక్షరాలు కొట్టి ఇచ్చేశారు.

రెండు నెలల తర్వాత ఒక ఉదయం ఆ అమ్మాయి గుమ్మంలోంచే, "ఇవాళే వైవా మాస్టారూ, పదకొండింటికి. బయటినుంచి ప్రొఫెసర్ వచ్చారు," అని చెప్పి పరిగెత్తింది. ఆమె వెళ్లిన కాసేపటికి కొత్త సూది కోసం, ఎప్పుడోగానీ తియ్యని ఆ సొరుగు లాగితే, ఆ కాగితాలు!

"ఏమే," అన్న పిలుపులోనే తేడా కనిపెట్టి భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అంతా విని, "అయితే వెళ్లి ఇచ్చి రండి," అంది.

"అంత తేలికా? డిపార్ట్‌మెంట్ పని మొత్తం పోతుంది. మన కొట్టుకి ఆ పనే సగం. అయినా తప్పు అనేది..."

"ఎవరు నిర్ణయించారు, అంతేనా?"

"అది కాదే. ఆ కాపీ ప్రొఫెసర్‌కే వెళ్లిందో లేదో. వెళ్లినా ఆయన చివరిదాకా చదివి ఉండకపోవచ్చు కదా."

"మీలాగా?"

మాస్టారు కళ్లజోడు తీసి, మురికి లేకపోయినా తుడిచారు.

"ఇందాక వచ్చిందిగా ఆ పిల్ల. మొహం చూశారా?"

చూశారు. నిద్రలేని కళ్లు, బలవంతాన తెచ్చుకున్న నవ్వు. మాస్టారు ఆ కాగితాలు చంకన పెట్టుకుని చెప్పులు వేసుకున్నారు.

డిపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో వైవా గది తలుపు తోసేసరికి ఆ ప్రొఫెసర్ అంటున్నారు: "ప్రశ్న బాగా లేవదీశావమ్మా. జవాబు రాయకుండా వదిలేశావేం?"

"రాశాను సార్, నూట అరవై ఒకటో పేజీ..."

"నా దాంట్లో నూట అరవైతోనే అయిపోయిందే!"

"అది నా దగ్గరుండిపోయిందండీ," అన్నారు మాస్టారు, ఆయాసపడుతూ.

"మీ దగ్గరెందుకుంది?"

"చదువుదామని దాచుకున్నాను. కునుకు పట్టేసింది. అమ్మాయి తప్పేం లేదు."

ఎవరూ నవ్వలేదు. ఆ ప్రొఫెసర్ కాగితాలందుకుని, అందర్నీ కూర్చోబెట్టి అక్కడికక్కడే చదివారు. ఆపైన అడగాల్సినవన్నీ అడిగి, డిగ్రీకి ఒప్పుకుంటూ సంతకం పెట్టారు. డిపార్ట్‌మెంట్ హెడ్ మాత్రం వరండాలోకి వచ్చి, "ఈ ఏడాదికి ఇక మీకేం పంపం మాస్టారూ," అనేసి లోపలికి వెళ్లిపోయారు.

వారం తర్వాత ఆ అమ్మాయే కొట్టుకొచ్చింది. తిరిగి కట్టాల్సిన కాపీ ఒడిలో పెట్టుకుని, ఒక్కో అధ్యాయం లెక్కపెట్టి అందించింది. మాస్టారు కుట్టి, జిగురు పూశారు. డిపార్ట్‌మెంట్ పని ఆగిపోయాక, చదవడానికి కొట్లో ఒక్క థీసిస్ కాగితం లేదు. కాసేపు వేళ్లకంటిన జిగురు గిల్లుకున్నారు.

"ఇంతకీ ఆ లక్షమందిలో ఎవరి మొహం చూడాలన్నావమ్మా?"

అమ్మాయి స్టూలు దగ్గరికి జరుపుకుంది. "చెప్తాను మాస్టారూ. మీరు నిద్రపోకూడదు మరి."

"కుళాయి కింద కూర్చోబెట్టి చెప్పమ్మా!" లోపల్నుంచి కేక. "ఇంకా కారుతూనే ఉంది."