షోకేసులో నా ముఖం

నాందేడులో మా ఆయన ఫోటో స్టూడియో పెట్టిన కొత్తలో, మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడల్లా నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి దీపాలు అటూ ఇటూ జరిపి చూసేవాడు. అరవైల చివరి సంవత్సరాలవి. మాకు పెళ్ళయి ఏడాది దాటలేదు. చిన్నప్పుడు కుండల్‌వాడిలో నాకు అమ్మవారు పోసింది. చెంపల నిండా గుంటలు మిగిలాయి. ఆయన చూసి, ఇష్టపడే చేసుకున్నాడు. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు. స్టూలు మీద కూర్చున్నప్పుడు మాత్రం ఆయన నా చెంపల గురించే మాట్లాడేవాడు.

దీపం పక్కన పెడితే ఒక్కో గుంటలో నీడ నిండేది. చినుకులు పడ్డ దుమ్ములా కనిపించేది నా ముఖం. అదే దీపాన్ని కెమెరా కన్నా పైకెత్తి, ఎదురుగా వంచి, నా ఒళ్ళో తెల్లబట్ట పరిస్తే గుంటలు మాయమయ్యేవి.

"కదలకు! ఒక్కటి గూడ కనబడ్తలేదు," అని పసిపిల్లాడిలా సంబరపడేవాడు. నా ముఖం సిగ్గుతో కాలిపోయేది. దీపం వేడికే అన్నట్టు కొంగుతో తుడుచుకునేదాన్ని.

రెండు రకాలుగానూ ఫోటోలు తీసి, గుంటలు కనబడనిదాన్ని పెద్దది చేసి, వీధివైపు షోకేసులో పెట్టాడు. నేను వద్దనలేదు. కూరగాయలకు పోయివస్తూ, ఎవరూ లేనప్పుడు ఆగి చూసుకునేదాన్ని కూడా.

ఒకరోజు ధర్మాబాద్ నుంచి ఒక వ్యాపారి భార్య, ఆడపడుచుతో కలిసి ఫోటో దిగడానికి వచ్చింది. ఆయన భార్యనని చెప్పి, నేను వాళ్ళకు దువ్వెన, అద్దం అందిస్తున్నాను.

"బయట ఫోటోల ఉన్నామె ఎవరు? మస్తు కళగున్నది," అని ఆమె మా ఆయన్ని అడిగింది.

"మా ఇంటామె," అన్నాడాయన గర్వంగా.

ఆమె నావైపు చూసి గొంతు తగ్గించింది. "అయ్యో, పోయిందా? ఈమెను మళ్ళ చేసుకున్నరా?"

ఆడపడుచు ఆమె మోచేయి గిల్లింది. మా ఆయన నవ్వాడు. "ఒక్కతేనమ్మా. గామెనే ఈమె."

ఆమె నాలుక కరుచుకుంది. నా చేతిలోంచి అద్దం తీసుకుంటూ నన్ను చూడలేదు. నేను డార్క్‌రూములోకి పోయి తెర వేసుకున్నాను. బయట ఆయన "గడ్డం జర లేపుండ్రి" అంటూ మామూలుగా పని చేసుకుంటున్నాడు.

వాళ్ళు వెళ్ళగానే షోకేసులోంచి నా ఫోటో తీశాను.

"ఎందుకు తీస్తున్నవ్? ఆమె ఎరుకలేక అన్నది," అన్నాడు.

"గిది నేను కాదు. పక్క లైటుతోని దింపింది ఉన్నది గదా, అది పెట్టుండ్రి."

"అది పెడితే గిరాకీ ఎట్లొస్తది?" అనేశాడు. అన్న తర్వాత తల వంచుకుని కెమెరా కాళ్ళు సర్దుతూ ఉండిపోయాడు.

తర్వాత అక్కడ ఎవరో పసివాడి ఫోటో పెట్టాడు. నన్ను మళ్ళీ స్టూలు మీద కూర్చోమనలేదు. కొన్నాళ్ళకు ఆడవాళ్ళకు దీపాలు సర్దే పని నేనే నేర్చుకున్నాను. మచ్చలున్నవాళ్ళు వస్తే అడగకుండానే దీపం పైకెత్తేదాన్ని. వాళ్ళు ఫోటో చూసుకుని మురిసిపోతే నాకూ సంతోషంగానే ఉండేది.

చుట్టాల పెళ్ళిళ్ళలో అందరూ ఫోటోకు వరుసగా నిలబడేటప్పుడు మాత్రం ఏదో పని ఉందని తప్పుకునేదాన్ని. ఒకసారి కెమెరా దగ్గరి నుంచి మా ఆయనే, "నువ్వు గూడ రా," అని పిలిచాడు.

"పాలు పొంగుతయి," అన్నాను.

పొయ్యి మీద పాలు లేవు. ఆయనకూ తెలుసు. ఇంకోసారి పిలవలేదు.