సాంచాల చప్పుడుకు బెదరని పిల్లి

అవును మరి, మీరే చెప్పండి, ఇంట్లో పొద్దంతా సాంచాలు నడుస్తుంటే, ఆ చప్పుడుకు బెదరని పిల్లిపిల్లనే ఏరుకోవడం తప్పా? రాజం కూడా తప్పు కాదనే అనుకున్నాడు.

రాజంది సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి. ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు. ఏళ్ల తరబడి వాటి మధ్యనే ఉండి చెవులు సగం పోయాయి. బజార్లో ఎవరైనా పలకరిస్తే మూతి కదలిక చూసి నవ్వుతాడు, సగం మాటలకు ఊరికే ఊ కొడతాడు. మంచి మనిషి. ఫోన్లో పర్షియా పిల్లుల వీడియోలు తెగ చూసేవాడు. అవి చూడ్డానికి మాటలు వినబడకపోయినా ఏం పోదు కదా. అట్లా చూసి చూసి, ఒకటి తెచ్చుకుందామని పట్టుబట్టాడు.

"ఎలుకలు పడ్తదా గది?" అని భార్య మంజుల నవ్వింది. "గా బొచ్చు జూస్తే ఎలుకలే దాన్ని ఎత్తుకపోయేటట్టున్నయ్."

కోరుట్లలో ప్రేమలత అనే ఆవిడ ఇంట్లో ఈ పిల్లుల్ని పెంచి, వాటి పిల్లల్ని అమ్ముతుంది. రాజం బిడ్డ సౌమ్యను వెంటబెట్టుకుని పోయాడు. ప్రేమలత ఐదు పిల్లల్ని చాప మీద వదిలింది. తల్లిని కూడా చూపించింది.

"కండ్లు జూడుండ్రి అన్నా, పుసులు ఉండద్దు. ముక్కు కారద్దు. తోక కింద పొడిగుండాలె. రెండు నెలలు నిండినయ్, వాటంతట అవే తింటున్నయ్."

రాజం అన్నిటికీ తలూపి, జేబులోంచి ఫోన్ తీశాడు. సాంచాల చప్పుడు ముందే రికార్డు చేసి తెచ్చుకున్నాడు. సౌండు మొత్తం పెంచి వదిలాడు. నాలుగు పిల్లలు మంచం కిందికి ఉరికాయి. నీలికళ్ల తెల్లది మాత్రం తన కాలు తాను నాకుతూ కూర్చుంది.

"గిదే! గిదే మనింటి పిల్లి!" అన్నాడు రాజం.

"ముందుగాల బంద్ జెయ్యి బాపూ, వాడకట్టంతా ఉరికొస్తది!" అని సౌమ్య చెవులు మూసుకుంది.

దానికి దూది అని పేరు పెట్టారు. మంజుల ప్రేమగా పాలన్నం కలిపి పెడితే విరేచనాలు పట్టుకున్నాయి. ఇక అప్పటినుంచి ఉప్పూ కారం లేని ఉడికించిన కోడిమాంసం, ప్యాకెట్ గింజలు. పొద్దున్నే రాజం పెద్దపళ్ల దువ్వెనతో దువ్వుతాడు. ఒక్కరోజు మానితే బొచ్చులో నూలు పొట్టు చేరి ముడులు పడతాయి. కళ్ల కొసలు తడిబట్టతో తుడుస్తాడు. దారప్పోగులు మింగితే పేగులకు చుట్టుకుంటాయట, అందుకని షెడ్డంతా తనే ఊడుస్తాడు. పెళ్లయిన ఇన్నేళ్లకు మొగుడు చీపురు పట్టిండని మంజుల వాడంతా చెప్పుకుంది.

ఒకరోజు కరెంటు పోయింది. ఆగిన సాంచా కింద దూది పడుకున్న సంగతి ఎవరూ చూడలేదు. కరెంటు వచ్చింది, రాజం స్విచ్ వేశాడు. పిల్లి కదలలేదు. తోక కొసన బొచ్చు సాంచాను తిప్పే బెల్టు పట్టాలో పడింది. గడపలోంచి మంజుల కెవ్వున అరిచింది. పిల్లి తిరగలేదు, రాజమూ తిరగలేదు. ఆమే ఉరికి వచ్చి స్విచ్ ఆపింది. కాస్త బొచ్చు ఊడింది, అంతే.

మర్నాడు జగిత్యాలలో పశువుల డాక్టరుకు చూపించారు. ఆయన పిల్లి వెనక పళ్లెం మీద గట్టిగా కొట్టాడు. దూది చెవి కూడా కదపలేదు.

"పుట్టుచెవుడు. తెల్లబొచ్చు, నీలికళ్లు ఉన్నవాటిలో కొన్నిటికి ఉంటుంది. మిగతా ఆరోగ్యం బాగుంది. బయటికి మాత్రం వదలకండి," అన్నాడు డాక్టరు.

మంజుల ప్రేమలతకు ఫోన్ చేసింది. "నాగ్గూడ తెల్వదు వదినా," అని ఆమె నొచ్చుకుంది. "తెచ్చియ్యిండ్రి. గోధుమరంగుది ఉన్నది, మార్చుకపోండ్రి."

"ఇచ్చేసి రా," అంది మంజుల మొగుడితో. "నీ చెవులకు కాపలా ఉండుడే నాతోని అయితలేదు. ఇద్దరికి యాడికెళ్లి ఉండాలె? గిది గీడ బతుకదయ్యా. రేపు నీ చేతులనే పోతది."

రాజం పోయి షెడ్డు గుమ్మానికి జాలీ తలుపు పెట్టించాడు. సాంచాల మధ్య మాట వినబడదు కాబట్టి, పనివాళ్లు కాలితో నేల తట్టి చేతులతో సైగ చేసుకుంటారు. దూదికీ అదే నేర్పాడు. నేల అదిరితే చాలు, తలెత్తి ఆయన చేతికేసి చూస్తుంది. అరచెయ్యి చూపితే ఆగుతుంది, వేళ్లు ముడిస్తే వస్తుంది.

"మాతోని గిన్ని ముచ్చట్లు ఎన్నడన్న పెట్టినవా బాపూ?" అంది సౌమ్య.

"దీనితోని 'ఏందీ, ఏందీ' అని రెండోసారి అడిగే పని లేదు బిడ్డా," అన్నాడు రాజం.

ఆ మాట విన్నాక మంజుల కొన్నాళ్లు పిల్లిని ఇచ్చేసి రమ్మనడం మానేసింది. కానీ భయం భయమే కదా. మొన్న ఆదివారం తనే దూదిని మూతబుట్టలో పెట్టి ఇచ్చింది, కోరుట్లకు పోయి మార్చుకుని రమ్మని. రాజం బుట్ట పట్టుకుని పోయాడు. మధ్యాహ్నానికి బుట్టతోనే తిరిగి వచ్చాడు.

"బస్సు దొరకలే," అన్నాడు.

"సిరిసిల్ల బస్టాండుల బస్సు దొరకలేదా? ఏం ముచ్చట జెప్తవయ్యా!" అంటూనే మంజుల బుట్ట మూత తీసింది. "పొద్దుగాలటి సంది దీనికి ఏమన్న పెట్టినవా?" అని లోపలికి పోయి కోడిముక్కలు తెచ్చి వేసింది.

గోధుమరంగు పిల్లను ప్రేమలత ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. వచ్చే ఆదివారం తప్పకుండా వస్తానని రాజం ఆమెకు చెప్పాడట.