చేతికి చెయ్యి అందేదాకా

వార్డెనమ్మగారు పోయారన్న కబురు నాకు బస్సులోనే తెలిసింది. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే మా పల్లెవెలుగు జంపనిలో ఆగితే, హాస్టల్లో నాకంటే చిన్న తరగతిలో చదివిన అమ్మాయి ఎక్కింది. టిక్కెట్టు మిషనుతో దగ్గరికి వెళ్ళాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అక్కా, నీకింకా తెలీదా? బాపట్లలో మన వార్డెనమ్మ పోయారంట, పొద్దున్నే" అంది. నేను కండక్టర్ని. బస్సు నిండా జనం. కొట్టాల్సిన టిక్కెట్లన్నీ కొట్టి, రేపల్లెలో చివరి మనిషి కూడా దిగాక, ఖాళీ సీట్లో కూలబడి ఏడ్చాను. పని మధ్యలో ఏడ్చి ఉంటే ముందు ఆవిడే కోప్పడేవారు.

బాపట్లలో క్రైస్తవ మిషను వాళ్ళ ఆడపిల్లల హాస్టలుకు ఆవిడ చాలా ఏళ్ళు వార్డెను. మాది రేపల్లె పక్కన పల్లె. అమ్మా నాన్నా కూలికెళ్ళేవాళ్ళు. మేం గుడికెళ్ళేవాళ్ళమే గానీ, చదువుకోవడానికి నన్ను ఆ హాస్టల్లో చేర్పించారు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా అదే నా ఇల్లు.

ఆ సాయంత్రానికే మా పాత పిల్లల వాట్సాప్ గ్రూపులో తగువు మొదలైంది. ఫ్లెక్సీ వేయించాలి, ఆవిడ ఫొటో కింద ఏం రాయించాలి? 'కఠిన క్రమశిక్షణకు మారుపేరు' అని ఒకామె. కఠినం వద్దు, జైలరులా ఉంటుందని ఇంకొకామె. 'నిరాడంబరమూర్తి' అని పాస్టరుగారి భార్య సలహా. ఎవరో నవ్వు బొమ్మ పెట్టి, 'పిసినారి అని రాద్దామా, వంటమనిషి అలాగే అనేది' అని రాసింది. నేను రేపల్లె బస్టాండులో టీ తాగుతూ అన్నీ చదివాను. ఏ మాట చూసినా అది ఆవిడకు కాస్త వదులుగానో, కాస్త బిగుతుగానో ఉంది.

పిసినారి సంగతే చూడండి. వంటమనిషికి నూనె కొలిచి ఇచ్చేవారు, నిజమే. కానీ పిసినారికి ఎదుటివాళ్ళ ఆకు మీద చూపు ఉంటుంది, ఈవిడ చూపు తన ఆకు మీద. మేమందరం తిన్నాక, అడుగున మిగిలిందే వడ్డించుకునేవారు. మా అమ్మ ఒకసారి నాకోసమని సీసాడు పండుమిరపకాయ పచ్చడి ఇచ్చి పంపింది. ఆవిడ దాన్ని తీసుకెళ్ళి భోజనాల బల్ల మధ్యలో పెట్టేశారు. ఒక్క పూటలో సీసా అడుగంటింది. నేను ముక్కు చీదుకుంటుంటే, "అందరికీ ఉన్నదే నీదమ్మా. నీ ఒక్కదానికే ఉంటే అది దాచుకోవడం" అన్నారు. ఆ వయసులో ఈ మాట నాకు చచ్చినా నచ్చలేదు.

అలాగని ఆవిడకు చాపల్యాలు లేకపోలేదు. వేటపాలెంలో జీడిపప్పు పనికెళ్ళే ఒకావిడ, కూతుర్ని చూడ్డానికి వచ్చినప్పుడల్లా ముక్కల జీడిపప్పు పొట్లం తెచ్చేది. అదీ అందరికీ పంచాల్సిందే, వార్డెనమ్మ వాటాతో సహా. సాయంత్రం ప్రార్థనలో కళ్ళు మూసుకోమని మాకు చెప్పి, తను కూడా మూసుకునేవారు. దవడ మాత్రం మెల్లగా కదిలేది. కళ్ళు మూసుకోవాల్సిన మాకు ఇదెలా తెలుసని అడక్కండి.

ఇక నిరాడంబరం. ఆవిడ గదిలో మంచం, కుర్చీ, బైబిలు, గోడ మేకుకు గొడుగు. అన్నీ వెలిసిన నేత చీరలే. కానీ రిటైరైనప్పుడు మేమందరం కలిసి పట్టుచీర పెడితే, 'నాకెందుకు ఇవన్నీ' అని వెనక్కివ్వలేదు. మరుసటి ఆదివారం దాన్నే కట్టుకుని చర్చికి వచ్చి, ముందు వరసలో కూర్చున్నారు. "ఇచ్చినవాళ్ళు చూడాలిగా" అన్నారు. సాదాతనాన్ని కూడా నగలా పెట్టుకు తిరిగేవాళ్ళను నేను బస్సులో రోజూ చూస్తాను. ఈవిడ అలా కాదు. చీర గురించి ఆవిడ అసలు ఆలోచించలేదు, మా గురించి ఆలోచించారు.

మిగిలింది కఠినం. దీని గురించి చెప్పాలంటే ఆవిడ పెట్టిన ఒక పద్ధతి చెప్పాలి. పిల్లను చేర్చే రోజు సంతకంతో సరిపోదు. తల్లో తండ్రో పిల్ల చెయ్యి తీసి ఆవిడ చేతిలో పెట్టాలి. సెలవులకు ఇంటికి పంపేటప్పుడు ఆవిడ మళ్ళీ ఆ చెయ్యి వాళ్ళ చేతిలోనే పెట్టి, "పట్టుకున్నారా? వదలనా?" అని అడిగేవారు. "పట్టుకున్నానండి, వదలండి" అన్నాకే వదిలేవారు. ఆవిడకంటే ఎత్తు పెరిగిన పదో తరగతి పిల్లలకైనా ఇదే తంతు. గేటు బయట సైకిళ్ళ మీద మగపిల్లలు చూస్తుంటే మాకు తల కొట్టేసినట్టుండేది. చేతిలో పెట్టినవాళ్ళకు తప్ప ఇంకెవరికీ పిల్లను పంపడం ఉండదు. అన్నయినా అంతే, తాతయినా అంతే.

నేను ఎనిమిది చదివేటప్పుడు బాబాయి వచ్చాడు. నాన్న గడ్డివామి మీంచి జారి పడ్డాడు, నడుం దెబ్బతిని రేపల్లె ఆసుపత్రిలో ఉన్నాడు, ఒంట్లో బాగా లేదు, పిల్లను చూడాలంటున్నాడని చెప్పాడు. ఆవిడ మా ఊళ్ళో ఒక ఇంటికి ఫోను చేయించారు. మాకు తెలిసి ఫోనున్న ఇల్లు అదొక్కటే, అది మోగి మోగి ఆగిపోయింది.

"మీతో పంపనండి" అన్నారు.

"నేను దానికి సొంత బాబాయినండి. దొంగలా కనపడుతున్నానా?"

"దొంగని నేనన్లేదండి. నా చేతిలో పెట్టింది మీరు కాదు, అంతే."

బాబాయి అరిచాడు. నేను గుమ్మం పట్టుకుని ఏడుస్తున్నాను. నాన్నను ఇక చూడలేనేమోనని భయం. లోకంలో ఇంత రాతిగుండె ఉంటుందా అనుకున్నాను. ఆవిడ గదిలోకి వెళ్ళారు. తలుపేసుకుంటారనుకున్నాను. గొడుగు తీసుకుని, చెప్పులేసుకుని బయటికొచ్చారు. హాస్టలు వంటమనిషికి అప్పగించి, నా చెయ్యి పట్టుకుని, "పదమ్మా, రేపల్లె బస్సుకు టైమైంది" అన్నారు.

దారంతా నా చెయ్యి వదల్లేదు. వెనక సీట్లో బాబాయి సణుగుతూనే ఉన్నాడు. ఆసుపత్రిలో అమ్మ మందులకు బయటికెళ్ళింది. నాన్న మంచం మీద సగం మాటలు, సగం మూలుగులు. ఆవిడ నా చెయ్యి నాన్న చేతిలో పెట్టి, ఆ పరిస్థితిలో కూడా, "పట్టుకున్నారా బాబూ? వదలనా?" అని అడిగారు. నాన్న తలూపాడు. చాలాసేపు పట్టుకునే ఉన్నాడు. తర్వాత నా చెయ్యి ఎత్తి మళ్ళీ ఆవిడ చేతిలోనే పెట్టాడు. "మీరే తీసుకెళ్ళండమ్మా. చదివించండి" అన్నాడు. నాన్న నోటి నుంచి నేను విన్న ఆఖరు మాట అదే.

నాన్న దినాలయ్యాక నన్ను హాస్టల్లో దిగబెట్టి వెళ్ళింది అమ్మ. నాలుగు రోజులకే బాబాయి వచ్చి, ఇక చదువు చాలు, ఇంటిదగ్గర పనికి మనిషి లేదు, పిల్లను మాన్పిస్తున్నామన్నాడు. అమ్మకు ఇష్టం లేదు గానీ బాబాయి మాట కాదనే ధైర్యమూ లేదు. వార్డెనమ్మ గొంతు పెంచలేదు. "ఈ పిల్లను వాళ్ళ నాన్న నా చేతిలో పెట్టాడండి. ఆయనొచ్చి అడిగితే ఇచ్చేస్తాను" అన్నారు. బాబాయి ఒక్కడే వెనక్కి వెళ్ళాడు. నేను పది పాసయ్యాను, ఇంటరూ అయింది, ఉద్యోగమూ వచ్చింది. ఈ నాలుగు ముక్కలూ రాసుకోగలిగిన చదువు ఆ ఒక్క మాట మీద నిలబడింది.

కఠినమైన మనిషయితే రూలు చెప్పి తలుపేసుకునేది. ఈవిడ రూలు చెప్పి చెప్పులేసుకున్నారు. ఈ తేడాకు మన ఊళ్ళలో నిక్కచ్చి అనే మాట ఉంది, నాకు అదే దగ్గరగా అనిపిస్తుంది. నిక్కచ్చి మనిషి ఎదుటివాళ్ళకు ఎంత గట్టిగా చెబుతుందో తనకూ అంత గట్టిగా చెప్పుకుంటుంది.

ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక ఆవిడ ఒకసారి నా బస్సెక్కారు. అడగకుండానే ఆధార్ కార్డు తీసి పట్టుకున్నారు.

"మీరెవరో నాకు తెలీదాండి? లోపల పెట్టుకోండి" అన్నాను.

"తెలిసినా చూడమ్మా. వెనకావిడ 'నన్నెందుకు అడిగావు' అంటే నీ దగ్గర జవాబుండొద్దూ?"

చూశాను. సున్నా టిక్కెట్టు కొట్టి ఇస్తే, మడిచి కళ్ళజోడు పెట్టెలో పెట్టుకున్నారు. దిగేటప్పుడు మెట్టు ఎత్తుగా ఉందని చెయ్యి అందించాను. కింద కాలు ఆనాక కూడా నేను ఆ చెయ్యి వదల్లేదు. "పట్టుకునే ఉన్నావే, ఇంక వదులు, బస్సు లేటవుతుంది" అని నవ్వారు. అదే ఆఖరు చూపని నాకు తెలీదు.

సెలవు పెట్టి మర్నాడు బాపట్ల వెళ్ళాను. ఫ్లెక్సీ గొడవ ఎటూ తేలక మానేశాం. ఆవిడ ఉంటే దాని ఖర్చుకే తిట్టేవారు. మా ఇళ్ళలో ఆడవాళ్ళు శ్మశానం దాకా వెళ్ళరు. నేను వెళ్ళాను. సమాధుల తోట గేటు ఇరుకు, శవపెట్టెకు అటూ ఇటూ నిలబడి మోసేవాళ్ళు లోపలికి పట్టలేదు. అప్పుడు మేం, ఆవిడ పిల్లలం, గేటు లోపల నిలబడి అందుకున్నాం. గుంట దాకా మేమే మోశాం. తలవైపు ఒక మూల నా చేతిలో ఉంది.

గుంటలో ఇద్దరు మనుషులు నిలబడి చేతులు పైకి చాచారు. పెట్టె మెల్లగా వాళ్ళ చేతుల్లోకి దింపాం. మిగతావాళ్ళు వదిలేశారు. నేను వదల్లేదు.

కింద నుంచి ఒకాయన తలెత్తి, "పట్టుకున్నామమ్మా, వదలండి" అన్నాడు.

ఆ మాట వినిపించాక కూడా, నా వేళ్ళు విడివడటానికి కాస్త సేపు పట్టింది.