కందిపప్పు డబ్బాలో బిరడా

నా చిన్నప్పుడు మా ఇంట్లో బాత్‌టబ్ ఉండేది గానీ, దానికి బిరడా ఉండేది కాదు. నీళ్లు పోయే రంధ్రానికి పెట్టే ఆ నల్ల రబ్బరు బిరడాని, మేము ఆ ఇంట్లో దిగిన రోజే మా అమ్మ పీకేసి కందిపప్పు డబ్బాలో అడుగున దాచేసింది. నాకు జలగండం ఉందని నా జాతకం రాసిన పంతులుగారు చెప్పారట. పన్నెండేళ్లు నిండేదాకా పిల్లని నీళ్ల దగ్గరకి పోనివ్వకండి అన్నారట. అందుకని అంత పెద్ద టబ్బులో నేను బకెట్టూ మగ్గూ పెట్టుకుని నిలబడి స్నానం చేసేదాన్ని. జబ్బకి ఒక తాయెత్తు కూడా ఉండేది. విమానంలో సముద్రం దాటినంతసేపూ అమ్మ నా చెయ్యి వదల్లేదని నాన్నగారు చెప్పి నవ్వేవారు. అమ్మ మాత్రం నవ్వేది కాదు.

న్యూజెర్సీలో మేమున్నది ఇటాలియన్ వాళ్ల వీధి. ఇప్పుడైతే ఆ చుట్టుపక్కల ఎటు చూసినా మనవాళ్లే, మన కొట్లే. అప్పట్లో తెలుగు మాట మా ఇంట్లో తప్ప ఆ వీధిలో వినపడేది కాదు. మూడంతస్తుల చెక్క ఇల్లు మాది. కింద ఇంటి ఓనరు, ఇటాలియన్ మామ్మ. మధ్యలో మేము. పైన ఆవిడ కొడుకూ కోడలూ. ఆ కోడలిది హాలండ్ దేశం. నేను ఆవిడని డచ్ ఆంటీ అనేదాన్ని.

వేసవి వస్తే ఆ వీధికొక పద్ధతి ఉండేది. పొద్దున్నే కిటికీలు తెరవడం, ఎండెక్కగానే అన్నీ మూసి తెరలు దించడం, మధ్యాహ్నం చీకటి గదుల్లో నడుం వాల్చడం, సాయంత్రం మడత కుర్చీలు తెచ్చుకుని ఇంటి ముందు కూర్చోవడం. మా అమ్మకి అది వెంటనే పట్టుబడింది. మా ఊళ్లోనూ అంతే కదా. డచ్ ఆంటీకి మాత్రం పెళ్లయి వచ్చి ఏడేళ్లయినా పట్టుబడలేదు. వాళ్ల దేశంలో ఎండ అపురూపమట. అది వచ్చినప్పుడు కిటికీ మూసుకునేవాళ్లు ఎవరైనా ఉంటారా అనేది. ఆవిడ కిటికీలు బార్లా తెరిచేది, కింద నుంచి అత్తగారు చేతులు తిప్పుతూ అరిచేది, పైనుంచి ఈవిడ నవ్వుతూ చెయ్యి ఊపేది. మధ్య కిటికీలోంచి నేను ఇద్దర్నీ చూసేదాన్ని.

మధ్యాహ్నం వీధి వీధంతా నిద్రపోతుంటే ఆంటీ ఒక్కతే బయటి ఇనప మెట్ల మీద కూర్చుని, బకెట్టు చన్నీళ్లలో రెండు కాళ్లూ పెట్టి, ఒళ్లో అట్ట పెట్టుకుని వాళ్లమ్మకి ఉత్తరాలు రాసేది. ముక్కూ భుజాలూ కమిలి ఎర్రగా ఉండేవి. రొట్టెకి వెన్న రాసి, మీద చాక్లెట్ పలుకులు చల్లుకుని అదే భోజనం అనేది. అత్తగారు ఆ రొట్టెని చూసినప్పుడల్లా గుండెల మీద శిలువ గుర్తు వేసుకునేది.

నాకు పదకొండేళ్లున్న వేసవి అది. పన్నెండు నిండాలంటే డిసెంబరు దాకా ఆగాలి. వీధి పిల్లలందరూ తువ్వాళ్లు భుజాన వేసుకుని టౌన్ పూల్‌కి పరుగెత్తేవాళ్లు. తిరిగొచ్చేటప్పుడు వాళ్ల తడి పాదాల గుర్తులు సిమెంటు బాట మీద పడి, చూస్తుండగానే ఆరిపోయేవి. నేను మెట్ల మీద కూర్చుని ఆ గుర్తులు లెక్కపెట్టేదాన్ని. ఒక్కసారి నా పాదాల గుర్తు కూడా అక్కడ పడితే చాలనిపించేది. కానీ నీళ్లంటే నాక్కూడా ప్రాణం మీదికొచ్చినంత భయం. కోరికా భయమూ రెండూ ఒకచోటే కాపురం ఉండేవి.

ఒకనాడు ఆంటీ నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని మార్కెట్‌కి బయల్దేరి, దగ్గర దారని కాలవ గట్టు ఎక్కించింది. నీళ్లు కనపడగానే నేను సైకిల్ మీంచి దూకేసి గడ్డిలో కూలబడ్డాను. ఆంటీ సైకిల్‌ని చెట్టుకి ఆనించి వచ్చి నా పక్కన కూర్చుంది. నేను జాతకం, పంతులుగారు, తాయెత్తు, బిరడా, అన్నీ చెప్పేశాను. ఆవిడ మాటలు ఇంగ్లీషువే గానీ, నాకు తెలుగులోనే గుర్తున్నాయి.

"అయితే మా దేశం జాతకం కూడా మీ పంతులుగారే రాసుంటారు," అంది నవ్వకుండా. "మాకు ఇంటి ముందు కాలవ, ఇంటి వెనక కాలవ. సముద్రం మా నేల కన్నా ఎత్తులో ఉంటుంది. మధ్యలో ఒక కట్ట, అంతే. మా దేశం మొత్తానికి ఉంది ఆ గండం."

నెత్తిమీద సముద్రం పెట్టుకుని కింద జనం అన్నాలు తింటారా? పిల్లల్ని పడుకోబెట్టి తాము నిద్రపోతారా?

"మరి మీరేం చేస్తారు?" అన్నాను.

"ఆరేళ్లు రాగానే ఈత నేర్పిస్తాం. బట్టలతో, బూట్లతో."

నాకూ అలాగే ఈత నేర్పిస్తానని అడగడానికి ఆ సాయంత్రమే ఆవిడ మా ఇంటికొచ్చింది. చేతిలో చిన్నప్పుడు తను ఈత పరీక్ష పాసైతే ఇచ్చిన పసుపుపచ్చని కాగితం. అమ్మ బీన్స్ ఒలుస్తోంది. అమ్మకి ఇంగ్లీషు అంతంత మాత్రం, ఆంటీకి తెలుగు సున్నా. మధ్యలో నేను.

"ఆవిడ ఏమంటోందో ఉన్నది ఉన్నట్టు చెప్పు. నీ సొంతం కలిపావో, చూడు మరి," అంది అమ్మ.

చెప్పాను.

"బట్టలతో ఈతేవిటే! తడిసి బరువెక్కి కిందకి లాగెయ్యవూ?"

అదీ చెప్పాను. ఆంటీ తల ఊపింది. "అందుకే బట్టలతో. కాలవలో పడే పిల్ల స్విమ్ సూట్ వేసుకుని పడదు కదా. స్కూలుకి పోతూ పోతూ పడుతుంది. గౌనుతో, బూట్లతో, భుజాన సంచీతో పడుతుంది."

నేను తెలుగులో అనగానే అమ్మ చేతిలో బీన్స్ కాయ ఆగిపోయింది.

ఈలోపు మెట్లెక్కి ఇటాలియన్ మామ్మ కూడా వచ్చేసింది. "పిల్ల ఇప్పుడే తింది! తిన్నాక మూడు గంటలదాకా నీళ్లలో కాలు పెడితే కడుపు పట్టేస్తుంది, చచ్చిపోతుంది!"

"అత్తయ్యా, ఇవాళ దిగడం లేదు."

"రేపు మాత్రం తినదా ఏం?"

అమ్మకి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. "నీళ్లు మింగుతుందేమో అడుగు," అంది నాతో.

"మింగుతుంది," అంది ఆంటీ. "ముక్కులోకి పోతాయి. ఏడుస్తుంది. రెండు మూడుసార్లు నన్ను తిడుతుంది కూడా."

ఏమీ కాదంటోందమ్మా అనేస్తే సరిపోయేది. కానీ అమ్మ నా మొహంలోకే చూస్తోంది. ఉన్నది ఉన్నట్టే చెప్పాను. అమ్మ వాళ్లిద్దరికీ కాఫీ ఇచ్చి పంపించేసింది. ఇంకేం, అయిపోయిందనుకున్నాను.

మర్నాడు పొద్దున్న లేచి వంటింట్లోకి వెళ్లేసరికి అమ్మ నేల మీద పేపరు పరిచి, డబ్బాలోని కందిపప్పంతా దాని మీద పోసేసింది. ఆ పప్పు న్యూయార్క్ దాకా వెళ్లి నెలకోసారి తెచ్చుకునేది, ఒక్క గింజ కింద పడనిచ్చేది కాదు. అడుగునున్న బిరడా తీసి కొంగుతో తుడిచింది.

"మా ఊళ్లో కాలవ గట్టు మీంచే బడికి పోయేవాళ్లం," అంది, నా వైపు చూడకుండా. "నేనూ, నా ఫ్రెండూ. ఇద్దరివీ ఒకేలాంటి నీలం పరికిణీలు. వానకి గట్టు జారింది. ఇద్దరం పడ్డాం. నా చేతికి చెట్టు వేరు దొరికింది." బిరడాని మళ్లీ తుడిచింది. "దాన్ని నీళ్లలోంచి తీసినప్పుడు కూడా సంచీ భుజానే ఉందే."

అప్పటిదాకా పంతులుగారి మాట వల్లే అమ్మ భయపడుతోందనుకున్నాను. ఆ భయం జాతకం కన్నా ముందుదని ఆ పూట తెలిసింది. అమ్మ బిరడాని నా అరచేతిలో పెట్టింది. దాని అంచుల్లో ఇంకా పప్పుపిండి పచ్చగా అంటుకునే ఉంది.

"ముందు టబ్బులో మొదలెట్టమను," అంది.

అలా టబ్బులో మొహం ముంచడంతో నా ఈత మొదలైంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆంటీ వాళ్లాయన కారులో ఊరి బయటి సరస్సుకి వెళ్లేవాళ్లం. మామ్మ గొడుగూ కుర్చీతో సహా వచ్చి, గడియారం చూసి మూడు గంటలు కొలిచి గానీ నన్ను దిగనిచ్చేది కాదు. ఆంటీ చెప్పినవన్నీ జరిగాయి. మింగాను, ఏడ్చాను, తిట్టాను. అమ్మ మాత్రం సరస్సుకి వీపు పెట్టి కూర్చునేది. ఒడ్డుకి వచ్చాక తల తుడిచేటప్పుడే నా వైపు తిరిగేది.

ఆగస్టు చివర్లో పరీక్ష అంది ఆంటీ. బట్టలతో దూకి, వెల్లకిలా తేలి, ఈదుకుంటూ ఒడ్డుకి రావాలి. ఏ బట్టలు వెయ్యాలో అమ్మే తేల్చింది. రాత్రిళ్లు మిషను మీద ఎప్పుడు కుట్టిందో తెలీదు, నీలం పరికిణీ తీసింది. స్కూలు బూట్లు తీసింది. కారెక్కబోతూ మళ్లీ వెనక్కెళ్లి నా స్కూలు సంచీ కూడా తెచ్చింది, అందులో రెండు పుస్తకాలు పెట్టి మరీ. ఆంటీ ఆ సంచీని చూసింది, అమ్మని చూసింది. సంచీ పట్టీ భుజం మీంచి ఎలా జార్చాలో ఒడ్డునే నాలుగుసార్లు చేయించింది.

ఒడ్డు నుంచి సరస్సులోకి కొంతదూరం కట్టిన చెక్క వంతెన చివర నుంచి దూకాను.

చప్పుళ్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆకుపచ్చటి వెలుగు తప్ప ఇంకేమీ లేదు. బూట్లు లాగుతున్నాయి, సంచీ లాగుతోంది. నా కళ్ల ముందు నేనెప్పుడూ చూడని ఒక పిల్ల కనపడింది, నా వయసుదే. భుజం జార్చాను. సంచీ కిందకి పోయింది, నేను పైకొచ్చాను. వెల్లకిలా తిరిగాను. పరికిణీలోకి గాలి చేరి ఉబ్బి, నా చుట్టూ నీలంగా విచ్చుకుంది. చెవులు నీళ్లలో, మొహం ఆకాశంలో. అంత ఆకాశం ఉంటుందని అంతకుముందు నాకు తెలీదు. ఇన్నేళ్లు నన్ను చంపుతాయని దాచిన నీళ్లే ఇప్పుడు నా వీపు కింద అరచెయ్యిలా పట్టుకుని ఉన్నాయి. ఊపిరి పీలిస్తే పైకి, వదిలితే కిందకి. అదేం వింతో, ఆ క్షణాన నాకు దణ్ణం పెట్టాలనిపించింది. ఎవరికో తెలీలేదు.

ఈదుకుంటూ వచ్చి తలెత్తి చూస్తే, ఎదురుగా అమ్మ.

ఒడ్డున కాదు. నీళ్లలో. చెప్పులతో, చీరతో, నడుముదాకా నీళ్లలో నిలబడి ఉంది. కొంగు నీళ్ల మీద తేలుతోంది. ఎప్పుడు ఇటు తిరిగిందో, ఎప్పుడు లేచిందో, ఎప్పుడు దిగిందో తనకే తెలీదు. పక్కనే ఆంటీ అమ్మ మోచెయ్యి పట్టుకుని ఉంది. ఒడ్డు మీంచి మామ్మ గొడుగు ఊపుతూ కేకలు. "మీ అమ్మ తిని గంటే అయింది! ఎవరైనా ఆపండి!"

నేను లేచి నిలబడబోయాను. అమ్మ వద్దని తల ఊపింది.

"ఇంకాసేపు తేలవే," అంది. "చూడనీ."

మళ్లీ వెల్లకిలా తిరిగాను. అమ్మ చూస్తూనే ఉంది. నన్నే చూసిందో, నాతోపాటు ఇంకొకర్ని చూసిందో నేనెప్పుడూ అడగలేదు. పుస్తకాలు ఆ సరస్సు అడుగునే ఉండిపోయాయి. వెళ్లి తీస్తానంటే అమ్మ వద్దంది. ఆ సాయంత్రం ఇంటి ముందు సిమెంటు బాట మీద మూడు జతల తడి గుర్తులు పడ్డాయి. ఆంటీవి, నావి, అమ్మవి.

అమ్మ ఈత నేర్చుకోలేదు. నడుము దాటి ఎప్పుడూ దిగలేదు. కానీ తర్వాత పుట్టిన నా తమ్ముడు నేర్చుకున్నప్పుడూ, నా పిల్లలు నేర్చుకున్నప్పుడూ అక్కడే, అంతే లోతులో నిలబడింది. డచ్ ఆంటీ కొన్నాళ్లకి వాళ్ల దేశం వెళ్లిపోయింది. మేము అక్కడికి దగ్గర్లోనే ఉన్న పిస్కాటవే అనే ఊరికి వచ్చేశాం. ఆ ఇల్లు ఖాళీ చేసిన రోజు అమ్మ బిరడాని కడిగి, టబ్బులో దాని చోట పెట్టి వచ్చింది.

ఇప్పుడు నా మనవరాలి వంతు. "అమ్మమ్మా, సీరియస్‌గానా? షూస్ కూడా వేసుకోవాలా?" అంటుంది. షూస్ కూడానే, బ్యాక్‌ప్యాక్ కూడానే అంటాను. "ఎవరూ ఇలా చెయ్యరు, ఇట్స్ సో వియర్డ్!" అని మూతి ముడుస్తుంది. అయినా ఎక్కుతుంది ఆ చెక్క వంతెన. నా పిల్లల విషయంలో జ్వరాలకీ, పరీక్షలకీ, పెళ్లిళ్లకీ, ఉద్యోగాలు పోయినప్పుడూ నాకు భయం వేసినప్పుడల్లా ఏదో ఒక బిరడా పీకి దాచెయ్యాలనిపించేది. అప్పుడు ఆ తేలే కొంగు గుర్తొచ్చేది, దాచకుండా వెళ్లి వాళ్ల పక్కన నిలబడేదాన్ని.

దూకే ముందు నా మనవరాలు ఒకసారి వెనక్కి తిరిగి చూస్తుంది. నేను చీరతోనే, నడుముదాకా నీళ్లలో ఉంటాను. సరిగ్గా అమ్మ నిలబడ్డ చోట.